పదకొండో పేజీలో మావయ్య

ఏఐకి నేను రాసిన మొట్టమొదటి వాక్యం ఇది: "అయ్యా, ఈ దిగువ పత్రమును ఆంగ్లములోనికి అనువదించవలసినదిగా కోరుచున్నాను."

మా ఆఫీసులో జూనియర్ లాయరుగా ఉన్న అమ్మాయి అది చూసి పడి పడి నవ్వింది. "ఆంటీ, అది కలెక్టరు గారు కాదు, అర్జీ పెట్టక్కర్లేదు. ఏం కావాలో చెప్పండి చాలు, చేసేస్తుంది" అంది.

ఏం కావాలో చెప్పడమంత కష్టం ఇంకోటి లేదని తెలియడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. మీలో చాలామందికి ఇప్పుడిది మంచినీళ్లు తాగినంత పని. ఎలా అడగాలో నేర్పే వీడియోలు ఫోన్లో బోలెడున్నాయట. నేను ఆ పాఠం చెప్పబోవడం లేదు. అడగడం చేతగాక నేను చేసిన ఒక తప్పు గురించీ, దాన్ని దిద్దుకోవడానికి దివిసీమ వెళ్లిన ఒక రోజు గురించీ చెబుతాను.

బందరులో ఒక సీనియర్ లాయరు గారి ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాను. పేరుకు టైపిస్టుని, చేసింది అనువాదం. కింది కోర్టులో సాక్షులు తెలుగులో చెప్పిన మాటలు తెలుగులోనే రాసి ఉంటాయి. కేసు పై కోర్టుకు వెళ్తే వాటిని ఇంగ్లీషులోకి మార్చి పంపాలి. ప్రతి అనువాదం చివరా "ఇది నిజమైన, సరైన అనువాదం" అని ఉంటుంది. దాని కింద సంతకం నాది.

మాది నందివాడ దగ్గర పల్లెటూరు. మా నాన్న చర్చి బడిలో పంతులుగా చేశారు. ఉద్యోగం వచ్చాక నేను గుడివాడలో స్టేషనుకు దగ్గరగా రెండు గదుల వాటా తీసుకుని, రోజూ బందరు ప్యాసింజరులో వెళ్లి వచ్చేదాన్ని. పెళ్లి చేసుకోలేదు. ఎందుకన్నది వేరే కథ, దానితో ఇక్కడ పని లేదు.

ఆఫీసు వెనక గదిలో రెండు బల్లలుండేవి. ఒకటి నాది, రెండోది గుమాస్తా గారిది. నాకన్నా పదిహేనేళ్లు పెద్దాయన. నేను బాబాయి గారూ అనేదాన్ని, ఆయన అమ్మాయ్ అనేవారు. ఆయనకు ఇంగ్లీషు అంతంత మాత్రం. అయినా నేను టైపు చేస్తుంటే ప్రతి వాక్యానికీ అడ్డు తగిలేవారు. "ఆగమ్మాయ్. ఆ మాట ఎవరన్నారు? ఎవరితో అన్నారు? కోపంగా అన్నాడా, ఊరికే అన్నాడా?"

"కాగితంలో ఉన్నది రాయడమే కదండీ నా పని?" అని విసుక్కునేదాన్ని.

"కాగితంలో ఉండేది సగమేనమ్మా" అనేవారు. మళ్లీ ఇద్దరం మొదటి పేజీకి వెళ్లి చూసేవాళ్లం. ఇలా ఇరవై ఎనిమిదేళ్లు గడిచాయి.

నేను రిటైరవడానికి మూడేళ్ల ముందు ఆయన పోయారు. అంత్యక్రియలకు వెళ్తే, చుట్టాలావిడ ఎవరో దగ్గరకొచ్చి "మీరేమవుతారండీ?" అని అడిగింది. "ఆఫీసులో కలిసి పనిచేశామండి" అన్నాను. ఆవిడ తలాడించి పక్కావిడతో మాటల్లో పడింది. నేను చివరి వరుసలో కాసేపు కూర్చుని, రైలు టైముకు లేచి వచ్చేశాను.

తర్వాత ఆ బల్ల మీద పాత ఫైళ్ల కట్టలు పేర్చారు. పొద్దున "గుడ్ మార్నింగ్ సార్" అనడం, సాయంత్రం "వెళ్లొస్తానండీ" అనడం. మధ్యలో నా నోటి నుంచి మాటే వచ్చేది కాదు. కొన్ని రోజులైతే సాయంత్రం ఆ "వెళ్లొస్తానండీ" అనబోతే గొంతు పూడుకుపోయి ఉండేది.

అలాంటి రోజుల్లో సీనియర్ గారు నా కంప్యూటరులో ఏఐ పెట్టించారు. ఒకే ఒక షరతు విధించారు. "కాగితాల్లో మనుషుల పేర్లు, ఊరి పేర్లు అందులోకి ఎక్కించకండి. మన కక్షిదారుల గుట్టు బయటికి పోకూడదు. వాది, ప్రతివాది, ఒకటో సాక్షి, రెండో సాక్షి అని మార్చి ఇవ్వండి." మంచి షరతే. నేను అక్షరాలా పాటించాను. ఆ మంచి షరతులోంచే నా కష్టం వచ్చింది, అది తర్వాత.

మొదట్లో నాకు దానితో భలే కాలక్షేపంగా ఉండేది. దివిసీమ కేసుల్లో లంక భూముల గొడవలు మామూలే. కృష్ణ పాయల మధ్య ఒండ్రు మేట వేసి తేలిన నేలను మేం లంక అంటాం. ఒక రైతుకు లంకలో ఎకరం ఉందని రాసి ఉంటే, ఏఐ అతనికి శ్రీలంకలో ఎకరం రాసిచ్చింది. "కాలవ కట్టేశాక" అంటే నీళ్లు వదలడం ఆపేశాక అని ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. అది మాత్రం "కాలవ నిర్మించిన తరువాత" అని రాసింది. దిద్దితే వెంటనే క్షమాపణ చెప్పేది. ఎంత వినయంగా చెప్పేదంటే, నాకే జాలేసేది. తెల్లారి కొత్త పేజీ తెరిస్తే మళ్లీ శ్రీలంక. "నిన్న చెప్పాను కదండీ" అని టైపు చేశాను ఒకసారి.

జూనియర్ అమ్మాయి చెప్పింది: "మన దాంట్లో దానికి నిన్నటిది గుర్తుండదు ఆంటీ. మీరు చెప్పాల్సిందంతా ప్రతిసారీ మొదట్నించీ చెప్పుకోవాలి."

ప్రతిరోజూ నేనెవరో, ఈ ఊరేమిటో మొదట్నించీ చెప్పుకోవడానికి నాకు బద్ధకమనిపించింది. "కింది దాన్ని ఇంగ్లీషులోకి మార్చు" అన్న ఒక్క వాక్యం ఇచ్చి, వచ్చిన తప్పులు ఏరుకోవడం అలవాటు చేసుకున్నాను. తప్పులు పట్టుకోగలనన్న ధీమా ఒకటి ఉండేది. శ్రీలంక లాంటి తప్పు ఎవరికైనా కనిపిస్తుంది. చక్కటి ఇంగ్లీషులో, ఎక్కడా కాలికి తగలకుండా ఉన్న తప్పు కనిపించదని అప్పటికి నాకు తెలియదు.

ఇక కేసు సంగతి. మోపిదేవికి ఆటోలో వెళ్లేంత దూరంలో ఒక పల్లె. అక్కడొక ముసలాయన, రెండు గేదెలు. ఆయన ఇంటి నుంచి రోడ్డు మీది పాల కేంద్రానికి పక్క రైతు చేను గట్టు మీదుగా దారి. ఎన్నో ఏళ్లుగా ఆ దారినే నడిచాడు. పక్క రైతు ఒక రోజు ముళ్లకంచె వేశాడు. ముసలాయన కోర్టుకు వెళ్లి గెలిచాడు, కంచె తీశారు. ఆ రైతు పై కోర్టుకు వెళ్లి, అప్పీలు తేలేదాకా దారి మూసి ఉంచేలా స్టే అడిగాడు. మేం ముసలాయన తరఫున ఉన్నాం. స్టే ఇవ్వొద్దని చెప్పడానికి మాకున్న గట్టి ఆధారం రెండో సాక్షి, ఆయన పక్కింటావిడ. ఆవిడ వాంగ్మూలాన్ని ఇంగ్లీషు చేసి పంపాలి. మొత్తం పద్నాలుగు పేజీలు.

పేర్లు తీసేశాను. ఆ ఒక్క వాక్యమే రాసి ఇచ్చాను. ఏఐ నిమిషంలో తయారుచేసింది. మొదటి ఐదు పేజీలు మాట మాటకూ పోల్చి చూశాను, తప్పు లేదు. చివరి రెండు పేజీలు చూశాను, అవీ బాగున్నాయి. మధ్యవి పైపైన చదివాను. వాక్యాలు నున్నగా, నాకన్నా బాగున్నాయి. రైలు టైమవుతోంది. సంతకం పెట్టేశాను.

తర్వాత పది రోజులకు, మధ్యాహ్నం పూట, జూనియర్ అమ్మాయి పై కోర్టు నుంచి ఫోన్ చేసింది.

"ఆంటీ, రెండో సాక్షి మన ముసలాయనకు కోడలా?"

"కోడలేంటమ్మా? పక్కింటావిడ కదా?"

"మీరు పంపిన దాంట్లో పదకొండో పేజీ చూడండి. ఎదుటి లాయరు గారు అదే పట్టుకున్నారు. సొంత కోడలు మావగారి తరఫున చెప్పక ఏం చెబుతుంది, ఈ సాక్ష్యానికి విలువేముంది అన్నారు. నేను కాదన్నాను. మీ కాగితమే కదా ఇది అన్నారు జడ్జి గారు. మనం అఫిడవిట్ వేసి, స్టే సంగతి తేలేదాకా కంచె మళ్లీ వేసుకోవచ్చన్నారు."

పదకొండో పేజీ తీశాను. తెలుగులో ఇలా ఉంది: "నేను ఈ ఊరికి కాపురానికి వచ్చినప్పటి నుంచీ మావయ్య ఆ దారినే పాలు తీసుకెళ్తున్నాడు." దాని ఇంగ్లీషులో మావయ్య, ఆవిడ భర్తను కన్న తండ్రి అయిపోయాడు. కాపురానికి వచ్చిందంది, మావయ్య అంది. పేర్లుంటే అనుమానమైనా వచ్చేదేమో, అవి నేనే తీసేశాను. పాపం దానికి తెలిసిన లెక్క అదే.

నన్ను అసలు భయపెట్టింది అది కాదు. తెలుగు పేజీని మళ్లీ మళ్లీ చదివాను. పద్నాలుగు పేజీల్లో ఎక్కడా ఆయన ఆవిడకు చుట్టం కాదని లేదు. కింది కోర్టు తీర్పులోనూ లేదు. అక్కడ కూర్చున్న వాళ్లందరికీ తెలిసిన సంగతి కాబట్టి ఎవరూ అడగలేదు, ఎవరూ రాయలేదు. నాకు కూడా నిజంగా తెలియదు! పక్కింటావిడ అని సీనియర్ గారు అనగా విన్నానంతే.

సీనియర్ గారి గదిలోకి వెళ్లాను. ఆయనకు అప్పటికే ఫోన్ వచ్చింది. అరవలేదు. ఆ పేజీ నా వైపు తిప్పి, "సంతకం మీదే కదమ్మా" అన్నారు. నా ముప్పై ఒక్క ఏళ్లలో ఆయన నన్నన్న అతి పెద్ద మాట అదే.

సాయంత్రానికి జూనియర్ అమ్మాయి తిరిగొచ్చింది. "ఏఐ చేసిన పొరపాటని రాసేద్దాం ఆంటీ. ఇప్పుడందరికీ జరుగుతున్నదే" అంది, నన్ను కాపాడాలని.

"దాన్ని నేనేం అడిగానమ్మా? ఇంగ్లీషు చెయ్యమన్నాను, చేసింది. నాకు తెలియనిది దానికి మాత్రం ఎవరు చెప్పారు?" అన్నాను.

మర్నాడు బందరులో రైలు దిగి ఆఫీసుకు వెళ్లకుండా, మోపిదేవి మీదుగా వెళ్లే బస్సెక్కాను. అన్నేళ్లలో ఒక కేసు తాలూకు ఊరికి నేను వెళ్లడం అదే మొదలు. బస్సు నిండా సుబ్రహ్మణ్యస్వామి గుడికి వెళ్లే కుటుంబాలు. పిల్లలు, పాల చెంబులు, పూలు, నవ్వులు. నా పక్క సీటు మోపిదేవి దాకా ఖాళీగానే ఉంది.

పల్లెలో రెండో సాక్షి మినుము చేలో ఉంది. యాభై దాటినావిడ, తలకు తువ్వాలు చుట్టుకుని మొక్క పీకుతోంది. నేనెవరో చెప్పాను. గట్టు మీదికి వచ్చి కూర్చుంది.

"ఆయన మీకేమవుతారమ్మా?" అని అడిగాను.

"మావయ్యండి."

"సొంత మావయ్యా?"

"సొంతమేంటండీ? వాళ్లదొకటి, మాదొకటి. మేం చర్చికెళ్తాం, ఆయన సుబ్బారాయుడికి మొక్కుతాడు. చుట్టరికం ఎట్టా వస్తుందండీ?"

"మరి మావయ్య అని ఎందుకన్నారు కోర్టులో?"

ఆవిడ నా మొహంలోకి వింతగా చూసింది. "ఏమనాలండీ మరి? అంత పెద్దాయన్ని పేరెట్టి పిలవమంటారా?"

బాబాయి గారూ, బాబాయి గారూ అని ఒక పరాయి మనిషిని ఇరవై ఎనిమిదేళ్లు పిలిచినదాన్ని. ఆ మాట ఎలా పుడుతుందో నాకన్నా ఎవరికి తెలియాలి? పదకొండో పేజీ దగ్గర అది గుర్తుకే రాలేదు.

ఇంతలో ముసలాయన మురుగు కాలవ గట్టు వెంబడి వస్తూ కనిపించాడు. రాత్రికి రాత్రే కంచె పడ్డాక ఆయనకు మిగిలిన దారి అదే, మైలుకు పైగా చుట్టు. సైకిలు నడవని గట్టు కాబట్టి పాల క్యాను భుజాన మోసుకుంటున్నాడు. ప్రతి ఇరవై అడుగులకూ దించి, భుజం మార్చుకుంటున్నాడు. ఆయన దగ్గరకొచ్చేదాకా చూస్తూ నిలబడడమే నాకు పడిన శిక్ష అనుకున్నాను.

చెప్పకుండా వచ్చేయవచ్చు. ఆయనకు నేనెవరో తెలియదు. కానీ చెప్పాను. "కంచె మళ్లీ పడింది నా మూలానండీ. పదిరోజుల కిందట నేను రాసిన కాగితంలో ఈవిడ మీ కోడలని పడింది."

ఆయన క్యాను దించి, నుదురు తుడుచుకున్నాడు. నవ్వాడు. "నాకు కొడుకే లేడు కదమ్మా. కోడలెట్టా వచ్చింది?"

"తప్పు జరిగిందండీ. దిద్దుతాం."

"దిద్దండి, దిద్దండి. దారి కావాలి మరి" అన్నాడు. క్యాను ఎత్తుకుంటూ, తనలో తాను అనుకుంటున్నట్టు, "కాగితంలోనన్నా పదిరోజులు ఉందన్నమాట, కోడలు" అన్నాడు.

సాక్షి గారు చుట్టరికం లేదని అఫిడవిట్ ఇస్తానంది. వాళ్లింట్లో అన్నం పెట్టి, మజ్జిగ పోసి, అక్కయ్యా అక్కయ్యా అంటూ ఊరి సంగతులన్నీ చెప్పి, ఆటో దాకా వచ్చి ఎక్కించింది.

మర్నాడు ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుని, అనువాదం మాట ఎత్తకుండా ముందు ఒక పేజీ నిండా రాశాను. అయ్యా లేదు, కోరుచున్నాను లేదు. ఎదురుగా ఒక కొత్త మనిషి కూర్చున్నాడని, తెలివైనవాడే గానీ ఈ గడ్డ మీద కాలు పెట్టలేదని అనుకుని రాశాను.

"ఇవి కోర్టులో ఒక పల్లెటూరి సాక్షి చెప్పిన మాటలు. తెలుగు రాని లాయర్లు, జడ్జి చదవడానికి అనువాదం కావాలి. ఊరు కృష్ణా నది చివర దివిసీమలో ఉంది. ఇక్కడ చుట్టాలు కానివాళ్లను కూడా మావయ్య, బాబాయి, పిన్ని, అక్కయ్య అని పిలుస్తారు. ఆ పిలుపులను అనువదించకు, తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో ఉంచు. వాదికీ రెండో సాక్షికీ చుట్టరికం లేదు. లంక అంటే నది మధ్య నేల. కాలవ కట్టేయడం అంటే నీళ్లు ఆపడం. వాక్యాలకు సొగసు అద్దకు, సాక్షి తడబడితే ఆ తడబాటు కనపడాలి. తెలియనిది ఊహించకు. అనుమానం వచ్చిన చోట గుర్తు పెట్టి, చివర నన్ను అడుగు."

ఈసారి అనువాదం కింద తొమ్మిది ప్రశ్నలు వచ్చాయి. నాలుగో పేజీలో "వాడు" అన్నది ప్రతివాదినా, అతని పాలేరునా? "గట్టు" చేను గట్టా, కాలవ గట్టా? ఆఖరి ప్రశ్న: ఎనిమిదో పేజీలో "ఇక చాల్లే" అన్న మాట ఎవరు, ఎవరితో, ఏ ఉద్దేశంతో అన్నారు?

ఆ ప్రశ్న దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. అప్రయత్నంగా పక్కకు తిరిగాను. పక్క బల్ల మీద ఫైళ్ల కట్టలున్నాయి. పైవాటి మీద దుమ్ము పట్టి ఉంది. లేచి వెళ్లి మొహం కడుక్కుని వచ్చి, తొమ్మిది ప్రశ్నలకూ జవాబులు రాశాను. రెండింటికి నాకు తెలియక ఆవిడకు ఫోన్ చేసి కనుక్కున్నాను. ఆ తర్వాత పద్నాలుగు పేజీలూ వేలు పెట్టి, పైకి చదువుకుంటూ పోల్చాను. నా అఫిడవిట్లో, పాత అనువాదంలోని తప్పు నాదేనని, సరిచూడకుండా సంతకం పెట్టానని రాశాను. సీనియర్ గారు ఆ వాక్యం దగ్గర ఆగి, ఇది అవసరమా అన్నట్టు చూశారు. కొట్టేయలేదు.

ఎనిమిది వారాలకు స్టే పిటిషను కొట్టేశారు. కంచె తీశారు. ఆ ఎనిమిది వారాలూ ఆయన క్యాను మోశాడన్నది నా లెక్కలోంచి ఏ ఉత్తర్వూ తీసెయ్యదు.

అదే నెలలో నేను రిటైరయ్యాను. శాలువా కప్పారు, ఫోటో తీశారు. జూనియర్ అమ్మాయి ఏడ్చింది. నేను రాసిన పేజీని తన కంప్యూటరులో దాచుకుంది. ఇప్పటికీ దానికి ఏవేవో కలిపి వాడుతోందట. అప్పుడప్పుడు ఏదో ఒక మాటకు అర్థం అడుగుతూ ఫోన్ చేస్తుంది. ఫోన్ మోగని వారాలు కూడా ఉంటాయి. గుడివాడ స్టేషనులో బందరు ప్యాసింజరు వచ్చినప్పుడు నా వాటాలో కిటికీ ఊచలు సన్నగా కదులుతాయి. ఆ టైముకు తల దువ్వుకునే అలవాటు ఇంకా పోలేదు.

రిటైరైన వారానికి ఉత్తర్వు నకలు పట్టుకుని ఆ పల్లెకు మళ్లీ వెళ్లాను. పోస్టులో పంపొచ్చు. కానీ ఇంగ్లీషు కాగితం ఆయనేం చదువుకుంటాడు? చదివి వినిపిద్దామని బయల్దేరాను. ఈసారి చేను గట్టు మీదుగా నడిచాను. కంచె గుంజలు పీకిన గుంటలు ఇంకా పూడలేదు.

పక్కింటి అరుగు మీద ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఆవిడ నన్ను చూసి, కాఫీ పెడతానని లోపలికి వెళ్లింది. నేను ఉత్తర్వు తీసి, ఒక్కొక్క వాక్యమే తెలుగులో చెప్పుకుంటూ వచ్చాను. ఆయన రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని శ్రద్ధగా విన్నాడు. అసలైన వాక్యం దగ్గరికి వచ్చాను.

"రెండో సాక్షి వాదికి ఏమీ కాదు. అతనితో ఆమెకు ఎటువంటి సంబంధమూ లేదు. కనుక ఆమె మాట నమ్మదగినది."

"అట్టా రాశారా?" అన్నాడు.

"అలా రాశారు కాబట్టే దారి వచ్చిందండీ."

"నిజమేలే" అన్నాడు. తర్వాత లోపలికి ఒకసారి తొంగి చూసి, గొంతు తగ్గించాడు. "అమ్మా, ఆ ముక్క దానికి చదివి వినిపించమాకు."

ఆవిడ గ్లాసులతో బయటికి వచ్చింది. నా చేతిలోని కాగితం చూసి, "నా గురించేమన్నా రాశారాండీ జడ్జి గారు?" అని అడిగింది. ముసలాయన నేల చూపులు చూస్తున్నాడు.

"రాశారమ్మా. నువ్వు చెప్పిన మాట నమ్మామని రాశారు."

"అంతేనా?"

"అంతే" అన్నాను, కాగితం మడిచి సంచిలో పెట్టుకుంటూ.

ఇన్నేళ్లలో తెలిసి తెలిసి నేను వదిలేసిన వాక్యం అదొక్కటే. దాని కింద సంతకం పెట్టమని ఎవరూ అడగలేదు.